హీలియం వాయువు: అపోహలు – వాస్తవాలు

ద్రవ హీలియంతో చల్లబరిచే అయస్కాంతాల నిర్వహణ నా వృత్తి. ఈ వాయువు గురించి నేను వినే అపోహల్లో చాలావరకు ఒకే వాదన నుంచి పుడతాయి: హీలియం జడవాయువు, అది మండదు, కాబట్టి దానివల్ల ఏమీ కాదు. మొదటి రెండు మాటలూ నిజమే. ప్రాణాల మీదికి తెచ్చేది మూడో మాట.

అపోహ: విషం కాదు కనుక హీలియం పీల్చినా ప్రమాదం లేదు.

వాస్తవం: ఊపిరితిత్తుల్లో హీలియం నిండిన మేరకు ఆక్సిజన్‌కు చోటుండదు. ఊపిరాడడం లేదన్న బాధ మనకు ప్రధానంగా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల తెలుస్తుంది. హీలియం పీల్చేటప్పుడు ఆ కార్బన్ డయాక్సైడ్ ఎప్పటిలాగే బయటికి పోతూ ఉంటుంది కాబట్టి, ఉక్కిరిబిక్కిరి కాకుండానే, కొద్ది శ్వాసల్లోనే మనిషి స్పృహ తప్పి పడిపోవచ్చు. సిలిండర్ నుంచి నేరుగా పీల్చడం ఇంకా ఘోరం. నిండు సిలిండర్‌లో సాధారణంగా 150 నుంచి 200 బార్ పీడనం ఉంటుంది (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనం); ఆ ధాటికి ఊపిరితిత్తులు చిరిగి, వాయుబుడగలు రక్తంలో చేరి మెదడుకు రక్తప్రసారాన్ని అడ్డగించగలవు. గొంతు మార్చి చూపించమని పిల్లలు ఎంత బతిమాలినా నేను ఒప్పుకోను.

ఆ గొంతు మార్పు గురించీ ఒక అపోహ ఉంది. హీలియం పీల్చాక స్వరతంత్రులు వేగంగా కంపించడం వల్ల గొంతు పీలగా వినిపిస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి వాటి కంపనం దాదాపు మారదు. ధ్వనివేగం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లయితే హీలియంలో సుమారు 1,000 మీటర్లు. అందువల్ల గొంతులో, నోటిలో అనునాదం పొందే పౌనఃపున్యాలు పెరిగి, కంఠధ్వని పీలగా మారుతుంది.

అపోహ: వంటగ్యాస్ సిలిండర్‌లాగే తూకం వేసి, హీలియం ఎంత మిగిలిందో చెప్పవచ్చు.

వాస్తవం: వంటగ్యాస్ సిలిండర్‌లో ద్రవం ఉంటుంది. మైనస్ 268 డిగ్రీల సెల్సియస్‌కు పైన హీలియంను ఎంత అదిమినా ద్రవం కాదు. ఏడు ఘనపు మీటర్ల హీలియం పట్టే బరువైన ఉక్కు సిలిండర్‌లో ఉండే వాయువు బరువు కిలోకు కాస్త ఎక్కువ, అంతే. ఇక్కడ నమ్మవలసింది పీడనమాపకాన్నే.

అపోహ: ద్రవ హీలియంతో వచ్చే ప్రమాదం చలి ఒక్కటే.

వాస్తవం: మైనస్ 269 డిగ్రీల దగ్గర మరిగే ఈ ద్రవం చర్మాన్ని గడ్డకట్టించగలదన్నది నిజమే, కానీ నన్ను ఎక్కువ భయపెట్టేది దాని వ్యాకోచం. ఒక లీటరు ద్రవం గది ఉష్ణోగ్రతకు వచ్చేసరికి సుమారు 750 లీటర్ల వాయువవుతుంది. పాత్ర మూతి తెరిచి ఉంచితే లోపలికి చొరబడిన గాలి, తేమ గడ్డకట్టి మెడకు బిరడాలా అడ్డుపడతాయి. ఆవిరికి దారి లేక పాత్ర పేలిపోవచ్చు. ఎంఆర్ఐ యంత్రాల్లో వెయ్యి లీటర్లకు పైగా ద్రవ హీలియం ఉండే నమూనాలున్నాయి. అయస్కాంతం అతివాహకతను (నిరోధం లేకుండా విద్యుత్తును ప్రవహింపజేసే గుణాన్ని) కోల్పోయినప్పుడు, అంటే మేము క్వెంచ్ అనే ఘటన జరిగినప్పుడు, అదంతా క్షణాల్లో మరిగి గొట్టం ద్వారా భవనం బయటికి పోవాలి. ఆ గొట్టంలో అడ్డంకి ఉంటే వాయువు గదిలోకి వస్తుంది, ఆక్సిజన్ పడిపోతుంది, లోపలికి తెరుచుకునే తలుపైతే పీడనానికి తెరవడం కష్టమవుతుంది. అలాంటి గదిలో పడిపోయిన వ్యక్తి కోసం శ్వాస పరికరం లేకుండా పరుగెత్తినవారు రెండో బాధితులవుతారు. వేడెక్కిన హీలియం పైకప్పు కింద చేరుతుంది కాబట్టి, ఆక్సిజన్ మానిటర్ ఎత్తు నిర్ణయించేటప్పుడు ఆ సంగతి చూసుకోవాలి.

ఇక, విశ్వంలో ఇంత సమృద్ధిగా ఉన్న మూలకానికి కొరత ఏమిటని అడిగేవారున్నారు. 1868 సూర్యగ్రహణవేళ గుంటూరులో ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్, అదే ఏడాది ఇంగ్లండులో అక్కడి ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ సూర్యుడి వర్ణపటాన్ని పరిశీలించినప్పటి నుంచి ఈ మూలకం జాడ తెలుసు. భూమ్మీద దాన్ని 1895లో రసాయన శాస్త్రవేత్త రామ్సే వేరుచేసింది యురేనియం ఖనిజం నుంచి. భూగర్భంలో యురేనియం, థోరియం క్షయమవుతూ కోట్ల ఏళ్లలో విడుదల చేసిన హీలియమే కొన్ని సహజవాయు నిక్షేపాల్లో చిక్కుకుని మనకు దొరుకుతోంది. గాలిలో అది పది లక్షల పాళ్లకు ఐదు మాత్రమే, అదీ క్రమంగా అంతరిక్షంలోకి జారిపోతుంది. ఎంఆర్ఐతోపాటు రాకెట్ ఇంధన ట్యాంకులు, చిప్‌ల తయారీ, లీకుల పరీక్ష, లోతైన డైవింగ్‌లో పీల్చే మిశ్రమాలు దీనిపై ఆధారపడుతున్నాయి. అందుకే ప్రయోగశాలల్లో ఆవిరైన హీలియంను పెద్ద సంచుల్లోకి పట్టి, కంప్రెసర్‌తో సిలిండర్లలోకి ఎక్కించి, శుద్ధిచేసి తిరిగి ద్రవంగా మారుస్తాము.