మంచు లేని నెలల్లో గ్రిండెల్‌వాల్డ్: అపోహలు - వాస్తవాలు

నేను స్విట్జర్లాండ్‌లో ఇంటర్‌లాకెన్ దగ్గర ఉంటాను. తొమ్మిదేళ్ళుగా మే నుంచి అక్టోబర్ దాకా మనవాళ్ళ కుటుంబాల్ని గ్రిండెల్‌వాల్డ్ చుట్టుపక్కల కొండల్లో తిప్పడమే నా పని. నడుముకి తాళ్ళు కట్టి శిఖరాలు ఎక్కించే గైడ్‌ని కాను. గుర్తులు వేసి ఉన్న కాలిబాటల మీద నడిపిస్తాను, ఏ పూట ఏ కొండకి వెళ్తే బాగుంటుందో చెప్తాను. ఇంత దూరం, ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చి, ఊళ్ళో నాలుగు గంటలు కూడా ఉండకుండా బస్సెక్కి వెళ్ళిపోయేవాళ్ళని ప్రతి సీజన్‌లోనూ చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది. ముందుగా ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని వాళ్ళే అంటారు. అందుకే ఈ పోస్టు.

అపోహ: అది స్కీయింగ్ ఊరు, ఎండాకాలంలో వెళ్తే చూడటానికి ఏమీ ఉండదు.

అసలు కథ తిరగేసి ఉంది. ఈ ఊరికి జనం ముందు వచ్చింది ఎండాకాలంలోనే. 1854లో ఆల్ఫ్రెడ్ విల్స్ అనే ఇంగ్లీషాయన ఇక్కడి నుంచే వెట్టర్‌హార్న్ శిఖరం ఎక్కాడు. 1858 ఆగస్టులో చార్లెస్ బారింగ్టన్ ఇద్దరు స్థానిక గైడ్లతో, క్రిస్టియన్ ఆల్మర్, పీటర్ బోరెన్‌లతో, 3,967 మీటర్ల ఐగర్ మీద మొదటిసారి కాలు పెట్టాడు. ఊరికి రైలు 1890లో వచ్చింది. పైన మంచు కొండల మధ్య యుంగ్‌ఫ్రౌయోహ్ అనే కనుమ దాకా రైలు 1912 ఆగస్టు 1న మొదలైంది. స్కీయింగ్ కోసం జనం గుంపులుగా రావడం ఆ తర్వాతి మాట.

జనవరిలో పిల్లలు స్కీయింగ్ నేర్చుకునే వాలు జూలైలో గడ్డి మైదానం. అవే కేబుల్ కార్లు, అవే కేబిన్లు, కాకపోతే స్కీలు పెట్టుకునే చోట నడకకర్రలు, పిల్లల బండ్లు ఉంటాయి. యంత్రం ఎక్కలేని ఏటవాలు చోట రైతు కొడవలితోనే గడ్డి కోస్తాడు, ఇంటిల్లిపాదీ వెనకాల చివర పళ్ళున్న పొడవాటి కర్రలతో పోగు చేస్తుంటారు, ఆ కోసిన గడ్డి వాసన ఊరంతా పట్టేస్తుంది. చలికాలం వచ్చినవాళ్ళకి ఇది దొరకదు.

అపోహ: మే నెల అంటే ఎండాకాలమే కదా, పిల్లలకి సెలవులు కూడా.

నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. మనకి ఆంధ్రాలో, తెలంగాణలో బడి సెలవులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా ఉంటాయి, అందరూ మేలో టికెట్లు తీసేస్తారు. ఇక్కడ మేలో ఊరు పచ్చగానే ఉంటుంది, పచ్చిక నిండా పసుపు పూలు, ఫోటోల్లో బ్రహ్మాండంగా వస్తుంది. కానీ ఊరు ఉన్నది 1,034 మీటర్ల ఎత్తులో. 2,200 మీటర్ల పైన ఇంకా చలికాలమే నడుస్తుంటుంది. ఆ ఎత్తులో ఉన్న బాహాల్ప్‌జే సరస్సు చాలా ఏళ్ళు అప్పటికి గడ్డకట్టే ఉంటుంది. చలికాలం సీజన్‌కీ ఎండాకాలం సీజన్‌కీ మధ్య కేబుల్ కార్లని మరమ్మతు కోసం కొన్ని వారాలు ఆపేస్తారు కూడా.

ఒకసారి విజయవాడ నుంచి ఏడుగురి కుటుంబం మే నెల మధ్యలో వచ్చింది. టూర్ అమ్మిన ఏజెంటు కాగితం మీద 'సరస్సు ఒడ్డున లంచ్' అని రాసిచ్చాడట, ఆ కాగితం మడతపెట్టి పెద్దాయన జేబులో పెట్టుకొచ్చారు. పైకెళ్ళి చూస్తే బాట మూసేసినట్టు బోర్డు, అవతల మోకాలి లోతు మంచు, అదీ మెత్తబడి జారే మంచు. పిల్లలకి కాన్వాసు బూట్లు. 'కొంచెం దూరమైనా వెళ్దామండీ' అని పెద్దాయన బతిమాలారు, నేను ఒప్పుకోలేదు. ఏటవాలు మీద పరుచుకున్న పాత మంచు చూడటానికి చదునుగా ఉంటుంది, కాలు జారితే ఆగడానికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

మే తప్ప వేరే దారి లేదంటే కింద ఉన్నవి చూడండి. పక్క లోయ లౌటర్‌బ్రునెన్‌లో స్టౌబాహ్ జలపాతం దాదాపు 300 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది, మంచు కరిగే రోజుల్లో దాని జోరే వేరు. లోయ అడుగున నడక అంతా చదునే. ఎత్తైన బాటలు కావాలంటే జూన్ చివరి నుంచి. ఇంకో మాట, ఎవరూ ఆలోచించరు గానీ, దసరా సెలవులు దీనికి చాలా బాగా కుదురుతాయి. ఆకాశం తేటగా ఉంటుంది, జనం తక్కువ, ఎండాకాలమంతా పైన మేసిన ఆవుల్ని తలలకి పూలు కట్టి కిందికి దించేది కూడా ఆ చుట్టుపక్కల రోజుల్లోనే.

అపోహ: యుంగ్‌ఫ్రౌయోహ్ వెళ్ళొస్తే గ్రిండెల్‌వాల్డ్ చూసేసినట్టే.

యుంగ్‌ఫ్రౌయోహ్ గొప్పదే, కాదనను. 3,454 మీటర్ల ఎత్తులో రైల్వే స్టేషన్, బయటికొస్తే ఆల్ప్స్‌లోకెల్లా పొడవైన ఆలెచ్ హిమనదం కళ్ళ ముందు. 2020 డిసెంబర్‌లో ఐగర్ ఎక్స్‌ప్రెస్ అనే కేబుల్ కార్ వచ్చాక ఊళ్ళోని టెర్మినల్ నుంచి పావుగంటలో ఐగర్‌గ్లెచర్ స్టేషన్ చేరిపోతారు, అక్కడి నుంచి సొరంగంలో రైలు. కానీ ఈ సౌకర్యం వల్లే జనం ఊళ్ళో అడుగు పెట్టకుండా వచ్చి వెళ్తున్నారు.

ఇంకొక్క రోజు ఉంచుకుని ఫిర్స్ట్ అనే కొండకి వెళ్ళండి. ఇది ఇంగ్లీషు 'ఫస్ట్' కాదు, జర్మన్‌లో ఇంటి కప్పు మీద కొప్పుని అలా అంటారు. ఊళ్ళో స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే కేబుల్ కార్, 25 నిమిషాల్లో 2,168 మీటర్లకి తీసుకెళ్తుంది. అక్కడి నుంచి బాహాల్ప్‌జే దాకా మూడు కిలోమీటర్లు, గంట లోపు నడక. మొదటి పది నిమిషాలు ఎక్కుడు, ఆయాసం వస్తుంది, సగం మంది అక్కడే వెనక్కి తిరిగిపోదామంటారు. ఆ ఒక్క ముక్క దాటితే మిగతాదంతా వెడల్పాటి బాట, దాదాపు చదును. దారిలో ఈల వేసినట్టు కూత వినపడితే ఆగి రాళ్ళ మధ్య చూడండి, మార్మోట్ అనే బొద్దుగా ఉండే ఉడుత జాతి జంతువు, మనల్ని చూసి తనవాళ్ళని హెచ్చరిస్తుంటుంది. సరస్సు దగ్గరికి పొద్దున్నే చేరాలి. ఎండ ముదిరితే గాలి లేస్తుంది, గాలి లేస్తే నీళ్ళు కదులుతాయి, 4,078 మీటర్ల ష్రెక్‌హార్న్ ప్రతిబింబం చెదిరిపోతుంది. నేను మొదటి కేబిన్‌లో ఎక్కించేది అందుకే. హోటల్ టిఫిన్ వదిలేసి పులిహోర డబ్బాలో పెట్టుకుని రమ్మంటాను, సరస్సు ఒడ్డున బెంచీ మీద కూర్చుని తింటారు.

దిగేటప్పుడు మూడు ఆటలు. ఫిర్స్ట్ నుంచి కింది స్టేషన్ ష్రెక్‌ఫెల్డ్ దాకా ఫ్లయర్, అంటే తీగ మీద 800 మీటర్లు కూర్చుని జారడం. దీనికి బరువు కనీసం 35 కిలోలు, గరిష్ఠం 125. ష్రెక్‌ఫెల్డ్ నుంచి దాని కింది స్టేషన్ బోర్ట్ దాకా మూడు చక్రాల మౌంటెన్ కార్ట్, బోర్ట్ నుంచి ఊళ్ళోకి ట్రాటీబైక్. ఈ ట్రాటీబైక్‌కి సీటు ఉండదు, పెడల్స్ ఉండవు, నిలబడి దిగాలి. రెండు బ్రేకులూ కలిపి కొంచెం కొంచెంగా పట్టాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే మనిషి ముందుకు ఎగిరి పడతాడు. చున్నీ, చీర కొంగు చక్రం వైపు వేలాడకుండా బిగించి కట్టుకోవాలి. చెప్పులతో అసలు వద్దు. చేతికి బ్యాగు తగిలించుకుని తోలకండి. మధ్యాహ్నానికి లైన్లు బాగా పెరుగుతాయి, అందుకే పొద్దున సరస్సు, తిరిగి రాగానే ఆటలు.

అన్నట్టు, ఇంటర్‌లాకెన్ ఓస్ట్‌లో రైలెక్కేటప్పుడు చూసుకోండి. అదే రైలు త్స్వైల్యూచినెన్‌లో రెండు ముక్కలవుతుంది, ఒకటి గ్రిండెల్‌వాల్డ్‌కి, ఇంకోటి లౌటర్‌బ్రునెన్‌కి. పెట్టె మీద ఏ ఊరి పేరుందో చూసి ఎక్కాలి. అమ్మానాన్న ఒక ముక్కలో, పిల్లలు ఇంకో ముక్కలో వెళ్ళిన రోజు నాకు ఇంకా గుర్తుంది.

అపోహ: కొండల్లో నడక కుర్రాళ్ళకే, పెద్దవాళ్ళు స్టేషన్‌లో కూర్చోవాలి.

మెన్‌లిహెన్ కొండకి కేబుల్ కార్‌లో వెళ్ళి, అక్కడి నుంచి క్లైన షైడెక్ రైల్వే స్టేషన్ దాకా నడవండి. గంటన్నర చాలు, మెల్లగా అయితే రెండు. బాట మొత్తం మెల్లగా దిగుడు, ఎదురుగా ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రౌ మూడూ వరసగా కనిపిస్తూనే ఉంటాయి. పిల్లల బండి తోసుకుంటూ వెళ్ళేవాళ్ళు కూడా కనిపిస్తారు. రెండేళ్ళ క్రితం తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మోకాళ్ళకి బెల్టులు కట్టుకుని బయల్దేరారు. కొడుకు వద్దంటే వద్దన్నాడు. 'నాయనా, దిగుడే అంటున్నావుగా, నాకు కర్ర ఒకటి ఇవ్వు' అన్నారు నాతో. ప్రతి బెంచీ దగ్గరా కూర్చున్నారు, రెండున్నర గంటలు పట్టింది, చివర్లో క్లైన షైడెక్ నుంచి రైల్లో కిందికి వచ్చాం. దారంతా ఆవిడ పూల పేర్లు అడుగుతూనే ఉన్నారు, నాకు సగం తెలియలేదు.

బోర్డులు చదవడం నేర్చుకుంటే భయం పోతుంది. పసుపు బోర్డు, పసుపు గుర్తు ఉంటే మామూలు నడక. తెలుపు-ఎరుపు-తెలుపు ఉంటే కొండ బాట, మంచి బూట్లు, అలవాటు ఉండాలి. తెలుపు-నీలం-తెలుపు కనిపిస్తే వెనక్కి రండి, అది లైసెన్సు ఉన్న పర్వత గైడ్‌తో వెళ్ళాల్సిన వ్యవహారం. బోర్డు మీద దూరం కాదు, సమయం రాస్తారు. చదును నేల మీద గంటకి 4.2 కిలోమీటర్ల లెక్కన వేసిన సమయం అది, మధ్యలో ఆగడాలు కలపరు. ఫోటోలతో, పిల్లలతో అయితే ఒకటిన్నర రెట్లు వేసుకోండి.

అపోహ: ఎండాకాలం కాబట్టి టీషర్టు చాలు. లేదా, ఆల్ప్స్ కాబట్టి బండ జాకెట్లు కొనాలి.

రెండూ కాదు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. ఊళ్ళో 22 డిగ్రీలు ఉన్న రోజున యుంగ్‌ఫ్రౌయోహ్ దగ్గర ఆరో ఏడో ఉంటుంది, గాలి వీస్తే ఇంకా చలి. పల్చటి బట్టలు రెండు మూడు పొరలు, పైన వాన ఆపే జాకెట్, అంతే. నల్లద్దాలు, సన్‌స్క్రీన్ మాత్రం మర్చిపోవద్దు. మంచు మీద నుంచి తిరిగొచ్చే ఎండ మన చర్మాన్ని కూడా కాల్చేస్తుంది.

అపోహ: వాన పడితే రోజు పోయినట్టే, టికెట్ కొన్నాం కాబట్టి మేఘాల్లోనైనా పైకెళ్ళాలి.

పైకెళ్ళే ముందు వెబ్‌క్యామ్ చూడండి. ప్రతి కొండ మీదా ఒకటి ఉంటుంది, స్టేషన్లలో తెరల మీద కూడా చూపిస్తారు. తెల్లటి తెర కనిపిస్తే ఆ రోజు పైకి వెళ్ళకండి. అందుకే యుంగ్‌ఫ్రౌయోహ్ టికెట్ నెల ముందు ఫలానా తేదీకి కొనొద్దంటాను, రెండు మూడు రోజులు చేతిలో పెట్టుకుని తేట రోజు చూసి కొనమంటాను.

వాన రోజుకి నా మొదటి ఎంపిక లౌటర్‌బ్రునెన్ లోయలోని ట్రూమెల్‌బాహ్. కొండ కడుపులో పది జలపాతాలు, ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రౌ హిమనదాల నీళ్ళు ఆ బిలంలోంచే దూకుతాయి, సెకనుకి 20,000 లీటర్ల దాకా. లోపల పక్క మనిషి మాట వినపడదు. రాతి గోడ మీద చెయ్యి పెడితే వణుకు తెలుస్తుంది. నాలుగేళ్ళ లోపు పిల్లల్ని రానివ్వరు, ముందే తెలుసుకుని వెళ్ళండి.

వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములు కూడా మామూలే. మబ్బు నల్లబడుతుంటే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. హెలికాప్టర్ సాయం కావాలంటే రేగా అనే సహాయ సంస్థ నంబర్ 1414, ఫోన్‌లో పెట్టుకోండి.

అపోహ: ఎత్తు వల్ల ఇబ్బంది ముసలివాళ్ళకే.

నేను చూసినంతలో తలనొప్పి, వాంతులు ఎక్కువగా కుర్రాళ్ళకే వస్తాయి, ఎందుకంటే పైకి చేరగానే మెట్ల మీద పరుగెత్తేది వాళ్ళే. యుంగ్‌ఫ్రౌయోహ్ దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. మెల్లగా నడవండి, నీళ్ళు తాగుతూ ఉండండి, తల తిరిగితే కూర్చోండి, తగ్గకపోతే కిందికి దిగండి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు బయల్దేరేముందే డాక్టర్‌ని అడగాలి.

అపోహ: ఆవులు మనకి తెలియనివా?

మన ఊరి ఆవులు వేరు. ఇక్కడ నడక బాట పచ్చిక మధ్యలోంచే వెళ్తుంది, దూడతో ఉన్న ఆవు దగ్గరికి సెల్ఫీ కోసం వెళ్తే అది కుమ్ముతుంది. చుట్టూ కట్టిన సన్నటి తీగలో కరెంటు ఉంటుంది, ప్లాస్టిక్ పిడి పట్టుకుని తెరవాలి. దాటాక మళ్ళీ వేయాలి, అది మర్చిపోతే రైతు సాయంత్రం దాకా ఆవుల్ని వెతుక్కోవాలి.

అపోహ: హిమనదాలు ఎప్పుడూ ఉండేవే, వచ్చే పదేళ్ళలో ఎప్పుడైనా చూడొచ్చు.

గ్రిండెల్‌వాల్డ్‌ని హిమనదాల ఊరు అనేవాళ్ళు. ఒకప్పుడు కింది హిమనదం నాలుక లాంటి కొస లోయలో ఇళ్ళకి దగ్గరగా దిగి ఉండేది. ఇప్పుడు ఊరి చివర గ్లెచర్‌ష్లుహ్ట్ అనే ఇరుకు లోయలోకి వెళ్తే ఆ మంచు కోసి, నునుపు చేసి వదిలేసిన రాతి గోడలు ఉంటాయి, కింద బూడిద రంగు నీళ్ళు హోరుమంటూ పోతుంటాయి. హిమనదం ఎక్కడో పైకి వెనక్కి వెళ్ళిపోయింది. పిల్లలతో వచ్చిన ప్రతి కుటుంబాన్నీ నేను అక్కడికి తీసుకెళ్తాను. నునుపైన ఆ గోడల్ని చేత్తో తడమమంటాను. మంచు మీ తలకంటే ఎంతో పైదాకా ఉండేదని చెప్తే పిల్లలు తల ఎత్తి చూస్తారు, 'మరి ఇప్పుడు ఎక్కడుంది?' అని అడుగుతారు, అప్పుడు బయటికొచ్చి పైన కొండల మధ్య దూరంగా కనిపించే ఆ తెల్లటి ముక్కని వేలితో చూపిస్తాను.