చిన్నమెదడుకు చేరే రెండు కాగితాలు

కొండారెడ్డి బురుజు దిగుతూ ఇంకో మెట్టు ఉందనుకుని నేల మీద అడుగు వేస్తే ఒళ్లు ఎందుకు ఝల్లుమంటుందని ఆదోని నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని అడిగింది. కన్ను, చెవి సంగతి అందరూ చెబుతారు కనుక వదిలేస్తాను. అసలు కిటుకు వెన్నుపాము నుంచి చిన్నమెదడుకు వెళ్లే దారుల్లో ఉంది.

చెరువు పూడిక తీయమని కలెక్టరు ఉత్తర్వు ఇచ్చారనుకోండి. పని అయ్యాక మండలం నుంచి నివేదిక వస్తుంది. ఆడిట్ చేసేవారి చేతికి ఆ నివేదిక ఒక్కటే ఇస్తే ఎంత తీశారో తెలుస్తుంది. ఎంత తీయమన్నారో తెలియదు. ఉత్తర్వు ప్రతి కూడా వారికి అందాలి. మన కదలికలకు ఆడిట్ చేసే చిన్నమెదడుకు ఈ రెండూ అందుతాయి.

నివేదిక మోసేది డోర్సల్ స్పైనోసెరిబెల్లార్ ట్రాక్ట్, అంటే వెన్నుపాము నుంచి చిన్నమెదడుకు వెళ్లే వెనుక వైపు నాడుల దారి. కాలి కండరం ఎంత సాగింది, దాన్ని ఎముకకు బిగించే స్నాయువు మీద ఎంత లాగుడు పడింది అనే వివరాలు వెన్నుపాములోని క్లార్క్ స్తంభం అనే నాడీకణాల వరుసకు చేరి, అదే పక్కన పైకి సాగి, ఇన్ఫీరియర్ పెడంకిల్ అనే కింది కాడ గుండా చిన్నమెదడులో ప్రవేశిస్తాయి. వేగం సెకనుకు 120 మీటర్ల వరకు! చేతుల నివేదికకు దారి వేరు. అది మెదడు కాండం అడుగు భాగమైన మెడుల్లా మీదుగా వెళుతుంది.

ఉత్తర్వు ప్రతి మోసేది వెంట్రల్ స్పైనోసెరిబెల్లార్ ట్రాక్ట్, అంటే ముందు వైపు దారి. 1970లలో సోవియట్ శాస్త్రవేత్తలు పిల్లుల కాళ్ల నుంచి వెన్నుపాముకు వచ్చే జ్ఞాననాడులను కోసి చూశారు. డోర్సల్ దారిలో అడుగుల లయ మాయమైంది, వెంట్రల్ దారిలో కొనసాగింది. కాలి నుంచి కబురే లేదు, అయినా కాలికి అందిన ఆజ్ఞ పైకి తెలుస్తూనే ఉంది.

ఈ దారి వెన్నుపాములోనే అవతలి పక్కకు దాటి, సుపీరియర్ పెడంకిల్ అనే పై కాడ గుండా చిన్నమెదడు చేరాక చాలా వరకు మళ్లీ ఇవతలికి వస్తుంది. ఎడమ చిన్నమెదడు దెబ్బతింటే ఎడమ కాలే తడబడడానికి ఇదీ ఒక కారణం. మన తరగతుల్లో 'రెండుసార్లు దాటును' అని వల్లె వేయిస్తారే గానీ, దాటుతున్నది ఏమిటో చెప్పరు.

లేని మెట్టు దగ్గర ఉత్తర్వు 'ఇంకా కిందికి' అంటుంది. నివేదిక 'నేల తగిలింది' అంటుంది. రెండింటికీ పొత్తు కుదరదు. ఒళ్లు ఝల్లుమనేది అక్కడే.

నివేదిక దారి మొదలయ్యే క్లార్క్ స్తంభం క్షీణించే జబ్బుల్లో ఫ్రీడ్రైక్ అటాక్సియా ఒకటి. అది ఉన్న పిల్లలు తూలుతూ నడుస్తారు. గాలి సోకిందని తాయెత్తు కట్టేవాళ్లు సీమలో ఇంకా ఉన్నారు. లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే ఈ జబ్బు. మేనరికాలు తేలిగ్గా ఖాయం చేసుకునే కుటుంబాలు ఈ మాట వినాలి. ఆ జన్యువును 1996లో గుర్తించారు. ఇప్పుడు రక్త పరీక్షతో తేల్చవచ్చు.