నూనె మానేస్తే బీపీ తగ్గుతుందా? ఆహారంపై అపోహలు - వాస్తవాలు

కొలెస్ట్రాల్, బీపీ, అధిక బరువు చాలామందిలో కలిసే ఉంటాయి. దాంతో మూడింటికీ ఒకే పథ్యం చాలనుకుంటారు. బీపీ ఉన్నవారు నూనె తగ్గిస్తారు, బీపీని పెంచే ఉప్పును మాత్రం తగ్గించరు. కొలెస్ట్రాల్ ఉన్నవారు గుడ్డు మానేసి, వెన్న దట్టంగా పూసిన బ్రెడ్ తింటారు. ఏ పదార్థం ఏ అంకెను కదిలిస్తుందో తెలియకపోతే, నెలల తరబడి నోరు కట్టుకున్నా రిపోర్టు మారదు.

అపోహ: గుడ్డు మానేస్తే కొలెస్ట్రాల్ తగ్గిపోతుంది.

వాస్తవం: మన కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం శరీరం తయారుచేసుకునేదే. తిండిలోని కొలెస్ట్రాల్ ప్రభావం చాలామందిలో స్వల్పం. చెడు కొలెస్ట్రాల్‌ను, అంటే ఎల్‌డీఎల్‌ను బాగా పెంచేవి సంతృప్త కొవ్వు (వెన్న, కొబ్బరి నూనె వంటివాటిలో ఎక్కువ), ట్రాన్స్ ఫ్యాట్ (వనస్పతి వంటివాటిలో ఉండే కొవ్వు). ఎల్‌డీఎల్‌ను రక్తంలోంచి లాగేసుకునే గ్రాహకాలు కాలేయ కణాల మీద ఉంటాయి. సంతృప్త కొవ్వు ఎక్కువైతే వాటి పని మందగిస్తుంది, ఎల్‌డీఎల్ రక్తంలోనే మిగిలిపోతుంది. ఒక పెద్ద గుడ్డులో సంతృప్త కొవ్వు సుమారు 1.5 గ్రాములు. 14 గ్రాముల వెన్నలో, అంటే ఒక పెద్ద చెంచాడులో, 7 గ్రాములు. కాబట్టి గుడ్డు కన్నా దాన్ని దేంట్లో వేయించారన్నదే ముందు చూడాలి. మధుమేహం ఉన్నవారు, వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవారు మాత్రం రోజుకు ఎన్ని పచ్చసొనలు తినవచ్చో డాక్టర్‌ను అడగాలి.

అపోహ: ప్యాకెట్ మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని ఉంటే ఆ నూనె గుండెకు మంచిది.

వాస్తవం: కొలెస్ట్రాల్ జంతు పదార్థాల్లో ఉంటుంది, ఏ మొక్క నూనెలోనూ చెప్పుకోదగ్గంత ఉండదు. ఆ మాట వల్ల మనకు తెలిసేదేమీ లేదు. వెనకవైపు సంతృప్త కొవ్వు ఎంతో చూడండి. కొబ్బరి నూనెలో అది 80 శాతం పైనే, పామాయిల్‌లో దాదాపు సగం, పొద్దుతిరుగుడు నూనెలో పదో వంతు.

తగ్గించిన కొవ్వు స్థానంలో ఏం తింటున్నామన్నదీ అంతే ముఖ్యం. చక్కెర, మైదా వస్తే ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలోని మరో రకం కొవ్వు, పెరుగుతాయి. గింజలు, పప్పులు, పీచు వస్తే మేలు. సుమారు 75 గ్రాముల ఓట్స్‌లో 3 గ్రాముల బీటా గ్లూకాన్ ఉంటుంది. ఈ పీచు పేగుల్లో పిత్తరసాన్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. కొత్త పిత్తరసం కోసం కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. ఇలా రోజూ తింటే ఎల్‌డీఎల్ సుమారు 5 శాతం తగ్గుతుంది. కనీసం ఆరు వారాలు గడవకుండా మళ్లీ పరీక్ష చేయించి నిరాశపడొద్దు.

అపోహ: పైన ఉప్పు చల్లుకోను, వాడేది కూడా గులాబీ ఉప్పే. ఇక బీపీకి భయం లేదు.

వాస్తవం: గులాబీ ఉప్పులోనూ దాదాపు అంతా సోడియం క్లోరైడే, మిగతా ఖనిజాలు లేశమాత్రం. పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంటే తలకొట్టిన చిన్న చెంచాడు కన్నా తక్కువ, వంటలో వేసేదీ ప్యాకెట్లలో వచ్చేదీ అన్నీ కలిపి. లేబుల్ మీద సోడియం ఉంటే 2.5తో గుణించండి, 600 మిల్లీగ్రాముల సోడియం అంటే 1.5 గ్రాముల ఉప్పు. బ్రెడ్, చీజ్, సాస్, ఇన్‌స్టంట్ నూడుల్స్‌లో ఇది ఎక్కువ. బ్రెడ్ ఉప్పగా అనిపించదు కాబట్టి ఎవరూ లెక్కలో వేసుకోరు. వంటసోడా కూడా సోడియమే. నీళ్లలో వేస్తే బుసబుస పొంగే నొప్పి మాత్రల్లో ఒక్కోదానిలో 400 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు.

ఉప్పులో కొంత భాగం పొటాషియం క్లోరైడ్‌గా మార్చిన రకాలు నిజంగానే పనిచేస్తాయి. చైనాలో సుమారు 21 వేల మందిపై జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. అయితే కిడ్నీ జబ్బు ఉన్నవారు, రామిప్రిల్, టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ వంటి బీపీ, గుండె మందులు వేసుకునేవారు డాక్టర్‌ను అడగకుండా దాన్ని ముట్టకూడదు. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, అది ప్రాణాంతకం కావచ్చు.

అపోహ: మంచి నూనె బరువు పెంచదు.

వాస్తవం: ఏ నూనైనా గ్రాముకు 9 క్యాలరీలే. ఆలివ్ నూనె ఎల్‌డీఎల్‌కు మంచిదే, బరువు లెక్కలో మాత్రం పెద్ద చెంచాడు 120 క్యాలరీలు. సీసాతో వంచకుండా చెంచాతో కొలిచి పోయండి.

అపోహ: మొదటి వారంలో మూడు కిలోలు తగ్గితే అదంతా కొవ్వే.

వాస్తవం: ఎక్కువ భాగం నీరు. పిండిపదార్థాలు తగ్గించగానే ఒంట్లో నిల్వ ఉన్న చక్కెర, అంటే గ్లైకోజెన్, ఖర్చవుతుంది, దాన్ని అంటిపెట్టుకున్న మూడింతల నీరూ పోతుంది. రెండో వారం ముల్లు నెమ్మదించడం సహజం, అక్కడే చాలామంది ఆపేస్తారు. నిజంగా తగ్గిన ప్రతి కిలోకూ పై బీపీ సుమారు ఒక పాయింటు దిగుతుంది. అందుకే బీపీ మాత్రలు వేసుకుంటూ బరువు తగ్గేవారికి లేచి నిలబడగానే కళ్లు తిరిగితే, అప్పుడే బీపీ కొలిచి రాసిపెట్టుకుని డాక్టర్‌కు చూపించాలి. మాత్ర సొంతంగా ఆపకూడదు.