రిపోర్టు నార్మలే, మరి కిడ్నీ?

ఎముక క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న పిల్లల తల్లిదండ్రులు హైదరాబాద్‌లోని మా వార్డులో తరచూ అనే మాట: "రిపోర్టులో తేడా ఉందని లావుగా ముద్రించిన అంకెలు ఏవీ లేవు సార్, కిడ్నీలు బాగున్నట్టే కదా?"

అపోహ: క్రియాటినిన్ నార్మల్ అంటే కిడ్నీకి ఏమీ కానట్టే.

వాస్తవం: నా పోరంతా దీనితోనే. క్రియాటినిన్ అనే వ్యర్థం కండరాల నుంచి రక్తంలోకి వస్తుంది, కిడ్నీ దాన్ని వడపోసి పంపుతుంది; కిడ్నీ మందగిస్తే రక్తంలో అది పెరుగుతుంది. ఆస్టియోసార్కోమా అనే ఈ ఎముక క్యాన్సర్ ఎక్కువగా ఎదిగే వయసు పిల్లలకు వస్తుంది. నాలుగైదు వారాలు కాలు కదపకపోతే తొడ సన్నబడుతుంది, వాంతులతో ఒళ్లు కరుగుతుంది. కండ తగ్గితే క్రియాటినిన్ కూడా తగ్గి, కిడ్నీ లోపాన్ని కప్పేస్తుంది. 160 సెంటీమీటర్ల అబ్బాయికి మొదటి కీమోకు ముందు క్రియాటినిన్ 0.5, ఇప్పుడు 0.8 ఉందనుకోండి. కాగితం మీద రెండూ నార్మలే. కానీ ఎత్తును 0.413తో హెచ్చించి క్రియాటినిన్‌తో భాగిస్తే, కిడ్నీ వడపోత అంచనా నిమిషానికి 132 మిల్లీలీటర్ల నుంచి 83కు పడిపోయినట్టు! అందుకే ల్యాబ్ గీసిన గీతతో కాదు, ఆ పిల్లవాడి తొలి అంకెతోనే పోల్చాలి. మాకు తెలిసిన ఒక తండ్రి ఆ అంకెలన్నీ గోడ క్యాలెండర్ మీద రాసి, ఫోనులో ఫొటో తీసి తెస్తాడు. మా ఫైలు కంటే అదే త్వరగా దొరుకుతుంది. కండతో అంతగా సంబంధం లేని సిస్టాటిన్-సి పరీక్ష కొంత సాయపడుతుంది, స్టెరాయిడ్లు వాడుతుంటే అదీ తడబడుతుంది.

అపోహ: మూత్రం ధారాళంగా వస్తోంది, భయం లేదు.

వాస్తవం: సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు దెబ్బ తగిలినా మూత్రం బాగానే రావచ్చు. అందులో మెగ్నీషియం కొట్టుకుపోతుంది. ఐఫాస్ఫమైడ్ అనే మరో కీమో మందు వాడేవారిలో రక్తంలో చక్కెర మామూలుగా ఉండి మూత్రంలో కనిపిస్తే అది షుగర్ వ్యాధి కాదు, కిడ్నీ నాళికల మొర. ఎన్‌గాల్, కిమ్-1 అని మూత్రంలో కొలిచే ప్రోటీన్లు క్రియాటినిన్ కంటే ముందే పెరుగుతాయి కానీ, ఆ పరీక్షలు రోజువారీ వాడకంలోకి ఇంకా పూర్తిగా రాలేదు.

అపోహ: మూత్రం ఎర్రగా వస్తే రక్తమే.

వాస్తవం: డాక్సోరూబిసిన్ అనే కీమో మందు రంగే ఎరుపు. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. పోకపోతే చెప్పండి.

అపోహ: కొబ్బరినీళ్లు తాగిస్తే చాలు.

వాస్తవం: మెథోట్రెక్సేట్ అనే కీమో మందును ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 12 గ్రాముల దాకా ఇస్తాం. ఆమ్ల గుణమున్న మూత్రంలో అది స్ఫటికాలై నాళికల్లో అడ్డుపడుతుంది. అందుకే సెలైన్‌తో పాటు సోడియం బైకార్బనేట్ ఎక్కిస్తూ మూత్రం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7కు తగ్గకుండా చూస్తాం. రాత్రి రెండింటికి సిస్టర్ లేపి మూత్రం పట్టమన్నారని విసుక్కోకండి, అప్పుడు ముంచే ఆ పట్టీ రంగును బట్టే తర్వాతి సీసా నిర్ణయమవుతుంది. ఊరి నుంచి బోండాలు మోసుకొచ్చే అమ్మమ్మలకు దండం, కానీ అవి దీనికి బదులు కావు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. కాలు నొప్పని హ్యాండ్‌బ్యాగులోని ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ బిళ్లలు వేయకండి. అవి మెథోట్రెక్సేట్‌ను బయటకు పోనివ్వవు. గ్యాస్ బిళ్ల అయినా సరే, వేసే ముందు మమ్మల్ని అడగండి.