ప్రయారిటీ పెంచితే గ్రాఫిక్స్ పరుగెత్తుతుందా? అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో కంప్యూటర్ల మరమ్మతు నా వృత్తి. దుకాణానికి వచ్చే ఇంజినీరింగ్ విద్యార్థుల్లో కొందరికి బాయింక్ పిచ్చి పట్టింది. మంచి పిచ్చే, పట్టనివ్వండి. మన కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు దాని శక్తిని శాస్త్ర పరిశోధనకు ఇచ్చే పద్ధతిని వాలంటీర్ కంప్యూటింగ్ అంటారు. బాయింక్ అందుకు వాడే సాఫ్ట్‌వేర్. అమెరికాలోని బర్క్‌లీలో 2002లో మొదలైంది. గ్రహాంతర జీవుల సంకేతాలు వెతికే సెటి ఎట్ హోమ్ 1999 నుంచి 2020 మార్చి దాకా జనానికి పని పంచింది, ఆ తర్వాత ఆపేసింది. మా కుర్రాళ్లు ఇప్పుడు ఎక్కువగా నడిపేది 2005లో మొదలైన ఐన్‌స్టీన్ ఎట్ హోమ్. గురుత్వ తరంగాలు, పల్సార్లు (గిరగిరా తిరిగే మృత నక్షత్రాలు) దాని వేట. 2010లో అరెసిబో టెలిస్కోప్ డేటాలో దాగిన ఒక కొత్త పల్సార్‌ను పట్టింది ఇలా ఇళ్లలో నడిచే మామూలు కంప్యూటర్లే.

వీళ్లలో చాలామందికి విడి గ్రాఫిక్స్ కార్డు లేదు. ప్రాసెసర్‌తో కలిసి వచ్చే ఇంటెల్ గ్రాఫిక్స్‌తోనే సరిపెట్టుకుంటారు. పని నత్తనడక నడిస్తే ఎవరో చెప్పిన చిట్కా ఒకటి ప్రయోగించి, అది ఫలించక నా దగ్గరికి వస్తారు. "అన్నా, టాస్క్ మేనేజర్‌లో ప్రయారిటీ హై పెట్టినా లాభం లేదు" అనే మాట దాదాపు అందరిదీ. ఆ చిట్కా పూర్తిగా తప్పు కాదు. ఎక్కడ పనిచేస్తుందో తెలియకుండా వాడటమే చిక్కు.

అపోహ: ప్రయారిటీ పెంచితే గ్రాఫిక్స్ చిప్ వేగంగా లెక్కిస్తుంది.

విండోస్ టాస్క్ మేనేజర్‌లో కనిపించే ప్రయారిటీ, అంటే ఎవరికి ముందు వంతు అనే లెక్క, సీపీయూ (ప్రాసెసర్) వరకే. గ్రాఫిక్స్ చిప్ దాని మొహం కూడా చూడదు. మరి కొందరికి తేడా ఎందుకు కనిపిస్తోంది? గ్రాఫిక్స్ చిప్ తనంతట తాను పని వెతుక్కోలేదు కాబట్టి. చేతిలో ఉన్న లెక్కల ముక్క పూర్తి కాగానే తర్వాతి ముక్కను అందించాల్సింది సీపీయూ మీద నడిచే ఒక థ్రెడ్, అంటే ప్రోగ్రాములోని ఒక పని వరుస. మేస్త్రీ ఎంత పనిమంతుడైనా ఇటుకలందించే కూలీ రాకపోతే తాపీ పట్టుకుని నిలబడాల్సిందే కదా. ప్రయారిటీ పెంచడమంటే ఆ కూలీకి దారి వదలమని చుట్టూ ఉన్నవాళ్లకు చెప్పడం. మేస్త్రీ చేతివేగం మాత్రం అలాగే ఉంటుంది.

మీ సిస్టమ్‌లో చిప్ నిజంగా ఎదురుచూస్తోందా అన్నది కళ్లతో చూడవచ్చు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) గ్రాఫు చూడండి. '3డీ' అన్న గ్రాఫు ఖాళీగా ఉంటే, ఆ పేరు మీద నొక్కి 'కంప్యూట్' ఉందేమో చూడండి. డ్రైవర్‌ను (చిప్‌ను విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) బట్టి ఈ పని రెండింట్లో ఏదో ఒకచోట కనిపిస్తుంది. గీత పైన సమంగా సాగుతుంటే చిప్‌కు పని సరిగ్గానే అందుతోంది. రంపపు పళ్లలా లేస్తూ పడుతూ ఉంటే అందడం లేదు. ఒక అబ్బాయి ల్యాప్‌టాప్‌లో ఆ పళ్లు ఎంత లోతుగా ఉన్నాయంటే, సీపీయూ పనులన్నిటినీ సస్పెండ్ చేయగానే గీత ఒక్కసారిగా పైకి లేచి అక్కడే నిలిచింది. పనులను మళ్లీ రెస్యూమ్ చేస్తే మళ్లీ పళ్లు. ఇంతకన్నా స్పష్టమైన నిర్ధారణ అక్కర్లేదు.

అపోహ: బాయింక్ పనులన్నీ ఒకే ప్రయారిటీ మీద నడుస్తాయి, మనమే సరిచేయాలి.

విండోస్‌లో ప్రయారిటీ మెట్లు 0 నుంచి 31 వరకు ఉంటాయి. అన్నిటికన్నా కింది తరగతి మొదలయ్యేది 4 దగ్గర, మామూలు కన్నా తక్కువది 6, మామూలుది 8, మామూలు కన్నా ఎక్కువది 10, హై 13, రియల్‌టైమ్ 24. బాయింక్ తన సీపీయూ పనులను 4 మీద నడుపుతుంది. గ్రాఫిక్స్ పనికి పని అందించే థ్రెడ్‌ను 6 మీద ఉంచుతుంది. అంటే ఇంటిలోపలి పోటీలో అది ముందే గెలిచి ఉంది. ఓడిపోయేది బయటివాళ్లతో: బ్రౌజర్, యాంటీవైరస్, వీడియో ప్లేయర్ వంటివి 8 మీద ఉంటాయి, అవి లేచినప్పుడల్లా ఇది పక్కకు తప్పుకోవాలి. అందుకే దాన్ని 8కి, మరీ కావాలంటే 10కి పెంచడంలో అర్థం ఉంది. ఆపైన 13కో 24కో పోవడం వల్ల ఒరిగేది లేదు. దారి ఖాళీ అయ్యాక ఇంకా గట్టిగా హారన్ కొడితే బండి వేగం పెరగదు.

రియల్‌టైమ్ జోలికి అసలు పోవద్దు. అక్కడ మీ లెక్కల ప్రోగ్రాము, సిస్టమ్ తన సొంత అవసరాలకు వాడుకునే థ్రెడ్ల కంటే పైకి ఎక్కి కూర్చుంటుంది. మౌస్, కీబోర్డు స్పందించకపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకోవడమే దారి. బాయింక్ తయారీదారులు కూడా ఆ అంకెను ఇచ్చి, పక్కనే వాడవద్దని రాశారు.

12వ తరం నుంచి ఇంటెల్ ప్రాసెసర్లు చాలావాటిలో పెద్ద కోర్లు, చిన్న కోర్లు (కోరు అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం) విడివిడిగా ఉంటాయి. తక్కువ ప్రయారిటీ ఉన్న పనిని విండోస్ 11 తరచూ చిన్న కోర్ల మీదికి నెడుతుంది. అలాంటి ల్యాప్‌టాప్‌లో ప్రయారిటీని మామూలు స్థాయికి తెస్తే తేడా బాగానే తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ మారేది వరుస ఒక్కటే కాదు, కోరు కూడా.

అపోహ: టాస్క్ మేనేజర్‌లో ఒకసారి మారిస్తే చాలు.

చాలదు. ఒక పని ముగిసి తర్వాతిది మొదలవగానే అది కొత్త ప్రాసెస్, మళ్లీ 6 మీదే పుడుతుంది. రాత్రి మార్చి పడుకున్నవాళ్లు తెల్లారి చూసేసరికి మార్పు మాయమై ఉంటుంది. శాశ్వతంగా కావాలంటే బాయింక్ డేటా ఫోల్డరులోని సీసీ కాన్ఫిగ్ (cc_config.xml) అనే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలులో రాయాలి. ఆప్షన్ల విభాగంలో ప్రాసెస్ ప్రయారిటీ స్పెషల్ అనే ట్యాగు, మాటల మధ్య అండర్‌స్కోర్లతో, పెట్టి 2 అని రాస్తే మామూలు స్థాయి, 3 అంటే దానికన్నా ఒక మెట్టు పైన. 'స్పెషల్' లేని ట్యాగు సీపీయూ పనులది, దాన్ని కదిలించకండి. రెండూ పెంచితే పోటీ మళ్లీ మొదటికి వస్తుంది.

ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. నోట్‌ప్యాడ్‌లో రాసి భద్రపరిస్తే ఫైలు పేరు చివర టెక్స్ట్ తోక అతుక్కుంటుంది. విండోస్ ఆ తోకను దాచేస్తుంది. పేరు సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది కానీ బాయింక్ దాన్ని గుర్తించదు. ఎక్స్‌ప్లోరర్‌లో ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకుని ఒకసారి చూసుకోండి. ఆ తర్వాత మెనూలో కాన్ఫిగ్ ఫైళ్లు చదవమని చెప్పాలి; కొత్త ప్రయారిటీ అప్పటినుంచి మొదలయ్యే పనులకే వర్తిస్తుంది.

అపోహ: లినక్స్‌లో నైస్ విలువ మారిస్తే విండోస్‌లాగే ఉంటుంది.

విండోస్‌లో పై మెట్టు వాడు రాగానే కింది మెట్టు వాడు లేచి కుర్చీ ఇవ్వాల్సిందే. లినక్స్‌లో అలా కాదు, నైస్ అనేది వాటాను తేల్చే అంకె, అది పెరిగేకొద్దీ వాటా తగ్గుతుంది. అక్కడ బాయింక్ సీపీయూ పనులకు 19, గ్రాఫిక్స్ పనులకు 10 ఇస్తుంది. లినక్స్ లెక్కలో 19కి బరువు 15, 10కి 110, మామూలు ప్రోగ్రాములుండే 0కి 1024. ఒకే కోరు మీద పోటీ వస్తే గ్రాఫిక్స్ థ్రెడ్‌కు ఏడు వంతులు, సీపీయూ పనికి ఒక వంతు. 0కి తెస్తే ఆ పోటీ దాదాపు లేనట్టే. సున్నా కంటే కిందికి, అంటే రుణ విలువలకు దించాలంటే మామూలుగా రూట్ (అడ్మినిస్ట్రేటర్) అనుమతి కావాలి. అంతదూరం వెళ్లే అవసరం నాకైతే కనిపించలేదు.

అపోహ: యాప్ కాన్ఫిగ్ అనే ఇంకో సెట్టింగుల ఫైలులో సీపీయూ వాడకం 1 అని రాస్తే ప్రోగ్రాము ఒక కోరు మొత్తం వాడుకుంటుంది.

ఆ అంకె ప్రోగ్రాముకు చేరదు. అది బాయింక్ పద్దుపుస్తకంలో రాసుకునే లెక్క మాత్రమే. 'గ్రాఫిక్స్ పనికి ఒక కోరు పోయింది, కాబట్టి సీపీయూ పనుల్లో ఒకటి తగ్గిద్దాం' అని బాయింక్ అనుకుంటుంది. ఫలితం మాత్రం మనకు కావలసినదే: ఒక కోరు ఖాళీ అవుతుంది. నా అనుభవంలో ప్రయారిటీ మార్పుల కన్నా నమ్మకంగా పనిచేసేది ఇదే. ఫైళ్లతో కుస్తీ వద్దనుకుంటే సెట్టింగుల్లో సీపీయూల సంఖ్య శాతాన్ని తగ్గించండి. నాలుగు థ్రెడ్ల (ఒకేసారి నాలుగు పనులు నడిపే) ప్రాసెసర్‌కు 75 పెడితే ఒకటి మిగులుతుంది.

దాని కిందే సీపీయూ సమయం శాతం అని ఇంకొకటి ఉంటుంది, దాన్ని చూసి మోసపోవద్దు. అది 50 పెడితే ప్రాసెసర్ సగం వేగంతో నడవదు. పనులను కాసేపు ఆపి కాసేపు నడుపుతుంది. ఫ్యాను ఊగిసలాడుతుంది.

అపోహ: కోరు వదిలి, ప్రయారిటీ పెంచితే ఇక అడ్డేమీ లేదు.

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. ప్రాసెసర్‌తో కలిసి ఉన్న గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, సొంత కరెంటు కోటా లేదు. ర్యామ్ దారిని సీపీయూతో పంచుకోవాలి. డీడీఆర్4 2400 ర్యామ్ ఒక్క స్టిక్కు ఉంటే సెకనుకు 19.2 గిగాబైట్లే ప్రయాణించగలవు. జతగా రెండు స్టిక్కులుంటే 38.4. పాతబడిన జీటీఎక్స్ 1050 విడి కార్డుకు కూడా అది 112. ఒకే 8 జీబీ స్టిక్కుతో వచ్చే ల్యాప్‌టాప్‌లు చాలానే, వాటిలో రెండో స్లాటు ఖాళీగా నోరు తెరుచుకుని ఉంటుంది. ప్రయారిటీ గురించి గంటసేపు చర్చించే కుర్రాడు ఆ స్లాటు సంగతి అడగడు. వెనుక మూత తీసి చూపించాలి. కొన్ని సన్నటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, అక్కడ చేయగలిగింది లేదు.

కరెంటు సంగతీ అంతే. ఐ5 8250యూ వంటి ల్యాప్‌టాప్ చిప్ కోటా 15 వాట్లు. అందులోనే నాలుగు కోర్లు, గ్రాఫిక్స్ రెండూ బతకాలి. అన్ని థ్రెడ్ల మీదా సీపీయూ పనులు నడుస్తుంటే గ్రాఫిక్స్‌కు మిగిలేది తక్కువ, దాని గడియారం (పని వేగం) దిగిపోతుంది. ఏ ప్రయారిటీ అంకె కూడా ఈ కోటాను పెంచలేదు.

పైగా మన ఊరి ఎండ. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటాక, రేకుల కప్పు కింద ల్యాప్‌టాప్‌ను మంచం మీద పరుపుపై పెట్టి రాత్రింబవళ్లు నడిపితే చిప్ 100 డిగ్రీల గీతను తాకి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాను విప్పితే రెక్కలకు, హీట్‌సింక్ సందుల్లోకి ఎర్రదుమ్ము నూలుచాపలా పట్టి ఉంటుంది. ఆ దుమ్ము దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్చాక వచ్చిన వేగాన్ని సెట్టింగుల ఘనతగా చెప్పుకున్నవాళ్లూ ఉన్నారు.

కాబట్టి ఒకేసారి నాలుగు మార్పులు చేయకండి. ముందు సీపీయూ పనులన్నీ ఆపి ఒక గ్రాఫిక్స్ పని పూర్తి కావడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. అదే మీ చిప్ అసలు సత్తా. తర్వాత సీపీయూ పనులన్నీ నడుపుతూ ఒకటి, ఒక కోరు వదిలి ఒకటి, కోరు వదలకుండా ప్రయారిటీ పెంచి ఒకటి చూడండి. కోరు వదిలితే దాదాపు మొదటి సమయం వచ్చిందా, మీ జబ్బు పని అందకపోవడం. వదిలినా పెంచినా అలాగే ఉండి, అన్నీ ఆపినప్పుడే బాగుందా, అది ర్యామ్ లేదా వాట్ల జబ్బు. పోల్చేటప్పుడు ఒకే రకం పనులను పోల్చండి. ప్రాజెక్టులో ఒక్కో రకం పనికి ఒక్కో పొడవు ఉంటుంది.

అపోహ: మౌస్ ఆగి ఆగి కదులుతోందంటే ప్రయారిటీ ఎక్కువైంది, తగ్గించాలి.

కాకపోవచ్చు. మీ తెర మీద బొమ్మ గీసేదీ, పల్సార్లు వెతికేదీ ఒకే చిప్. ఒక పెద్ద లెక్కల ముక్క మధ్యలో ఉన్నప్పుడు తెర గీసే పని ఆగాలి. చిప్ 2 సెకన్ల పాటు బదులివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ను పడగొట్టి మళ్లీ లేపుతుంది, ఆ దెబ్బకు మీ పని ఎర్రర్‌తో పోతుంది. కంప్యూటర్ వాడుతున్నప్పుడు జీపీయూను ఆపమనే సెట్టింగు ఇందుకే ఉంది. 

అపోహ: త్వరగా పూర్తయితే చాలు, క్రెడిట్ వచ్చేస్తుంది.

క్రెడిట్ అంటే చేసిన పనికి ప్రాజెక్టు వేసే పాయింట్లు, డబ్బు కాదని ముందు చెప్పాలి. ఇంట్లో కరెంటు బిల్లు చూసే పెద్దలకు ఈ మాట మరీ ముఖ్యం. అదనంగా 50 వాట్లు లాగే సిస్టమ్ రోజంతా నడిస్తే 1.2 యూనిట్లు, నెలకు 36. ఇక పని విషయానికొస్తే, ఒకే లెక్కను సాధారణంగా ఇద్దరి కంప్యూటర్లకు పంపి జవాబులు సరిపోల్చుతారు. కుదరకపోతే మూడో కంప్యూటర్‌కు వెళుతుంది. ఇంటెల్ గ్రాఫిక్స్‌లో కొన్ని డ్రైవర్లు తప్పు జవాబులిచ్చిన చరిత్ర ఉంది, పని చకచకా ముగుస్తుంది గానీ ఫలితం చెల్లదు. డ్రైవర్ మార్చిన ప్రతిసారీ ప్రాజెక్టు పేజీలో మీ ఖాతా తెరిచి 'ఇన్‌వాలిడ్' కింద ఏమైనా చేరుతున్నాయేమో చూడండి. చేరుతుంటే కొత్త పనులు ఆపి పాత డ్రైవర్‌కు వెళ్లండి. 'పెండింగ్' కింద ఉన్నవాటి గురించి మాత్రం కంగారు పడకండి, రెండో మనిషి కంప్యూటర్ ఇంకా జవాబు పంపలేదని దాని అర్థం. వాళ్లకు గడువు వారం రెండు వారాలు ఉంటుంది.