పాత తప్పును కూడా పదిలంగా ఉంచే ప్రోగ్రాం

2013 మార్చి 12న బిట్‌కాయిన్ నెట్‌వర్క్ కొన్ని గంటలపాటు రెండుగా చీలిపోయింది. ఎవరూ దాడి చేయలేదు, ఎవరి మధ్యా తగవు లేదు. అంతకు మూడు వారాల ముందు విడుదలైన బిట్‌కాయిన్ ప్రోగ్రాం 0.8 వెర్షన్ పాతదానికంటే మెరుగ్గా పనిచేయడమే ఇంతకీ కారణం.

నోడ్ అంటే ప్రతి లావాదేవీని, లావాదేవీల కట్ట అయిన ప్రతి బ్లాకును ఎవరి మాటా నమ్మకుండా సొంతంగా తనిఖీ చేసుకునే ప్రోగ్రాం. ఎవరి దగ్గర ఎంత ఉందో తెలిపే చిట్టా దాని దగ్గరే ఉంటుంది. 0.7 వరకు ఆ చిట్టాను బర్క్‌లీ డీబీ అనే డేటాబేస్‌లో దాచేవారు. అది నెమ్మది అని 0.8లో లెవెల్‌డీబీ అనే మరో డేటాబేస్‌కు మారారు. అంతలో 225430వ బ్లాకు వచ్చింది. మామూలుకంటే పెద్దదే కానీ, నిబంధనల ప్రకారం సక్రమమైనది. 0.8 నోడ్లు దాన్ని తీసుకున్నాయి. పాత నోడ్లు చాలావరకు తిప్పికొట్టాయి. ఎందుకంటే సమాచారాన్ని మార్చేటప్పుడు బర్క్‌లీ డీబీ ఒకేసారి వేయగల లాక్‌ల (తాత్కాలిక తాళాల) సంఖ్యకు ఒక పరిమితి ఉంది. ఆ బ్లాకు దాన్ని మించిపోయింది. డేటాబేస్ చేతులెత్తేస్తే, 'ఈ బ్లాకు చెల్లదు' అని నోడ్ అర్థం చేసుకుంది. అలాంటి నిబంధన ఒకటి ఉందని ఆ రోజు వరకు ప్రోగ్రాం రాసినవారికే తెలియదు. పైగా లాక్‌ల అవసరం ఏ నోడ్‌కు ఆ నోడ్ డేటాబేస్ అమరికను బట్టి మారుతుంది. అంటే పాత వెర్షన్ నోడ్లన్నీ ఒకే మాట చెబుతాయన్న భరోసా కూడా లేదు.

ఎటు వెళ్లాలి? కొత్త బ్లాకులను తయారుచేసే మైనర్ల కంప్యూటర్ బలం ఎక్కువగా కొత్త వెర్షన్ వైపే ఉంది. అయినా వెనక్కి వెళ్లాలనే నిర్ణయించారు. మైనర్ల కూటములైన పెద్ద మైనింగ్ పూల్స్ 0.7కు దిగిపోయాయి, 0.8 వైపు బ్లాకుల గొలుసులో తవ్విన ఇరవైకి పైగా బ్లాకుల ప్రతిఫలం గాలిలో కలిసిపోయింది. ఈ గందరగోళంలో ఒకే సొమ్మును రెండుసార్లు ఖర్చు చేసిన ఘటన కూడా ఒకటి నమోదైంది. చేసినవారి ఉద్దేశం సాధ్యమో కాదో చూడటమే తప్ప దోపిడీ కాదని తేలింది. తర్వాత మే 15ను గడువుగా పెట్టి అందరినీ కొత్త వెర్షన్‌కు మారమని కోరారు. కోరారు అనే చెప్పాలి. ఆదేశించే అధికారం ఎవరికీ లేదు.

మామూలు ప్రోగ్రాంలో తప్పు దొరికితే దిద్దుతాం, కథ ముగుస్తుంది. నోడ్ ప్రోగ్రాంలో అందరూ ఒకేలా చేసే తప్పు తప్పు కాదు, నిబంధన. దాన్ని ఒక్కరే దిద్దుకుంటే ఆ ఒక్కరే వెలి అవుతారు. ఇందుకు మంచి ఉదాహరణ బహుళ సంతకాల కోసం బిట్‌కాయిన్ స్క్రిప్టులో (సొమ్ము ఖర్చుకు షరతులు రాసే చిన్న భాషలో) ఉన్న చెక్‌మల్టీసిగ్ అనే ఆదేశం. అది పనిచేసేటప్పుడు తనకు కావలసిన సంతకాలు, కీలతో ఆగకుండా ఇంకో విలువను అదనంగా తీసేస్తుంది. మొదటి రోజుల్లో దొర్లిన లెక్క తప్పు అది. దిద్దితే అప్పటికే గొలుసులో ఉన్న లావాదేవీలు చెల్లకుండా పోతాయి. అందుకని ప్రపంచంలోని వాలెట్లన్నీ ఆ ఆదేశం వాడినప్పుడల్లా సంతకాల ముందు ఉత్తుత్తి సున్నా ఒకటి పెట్టి పంపుతూనే ఉన్నాయి. 2017లో ఆ అదనపు విలువ ఖాళీగానే ఉండాలని నియమం చేశారు, అంతే. 2021 నవంబరులో అమల్లోకి వచ్చిన ట్యాప్‌రూట్ అనే అప్‌గ్రేడ్ స్క్రిప్టుల్లో ఆ ఆదేశాన్ని పూర్తిగా పక్కన పెట్టి వేరేది తెచ్చారు. పాత స్క్రిప్టులకు మాత్రం ఆ సున్నా తప్పదు.

మన చేతిలో లేని ప్రోగ్రాం మెరుగుపడినా ముప్పే. సంతకాల తనిఖీకి ఒకప్పుడు బిట్‌కాయిన్ ప్రోగ్రాం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన కోడ్) మీద ఆధారపడేది. 2015 జనవరి నాటికి ఆ లైబ్రరీ భద్రత కోసం మరింత కచ్చితంగా మారింది. అంతవరకు ఒప్పుకున్న ఒక రకం సంతకాల రాతను తిరస్కరించడం మొదలుపెట్టింది. వెబ్‌సైట్లకు అది మేలు. నోడ్లకు మాత్రం, ఆ అప్‌డేట్ పెట్టుకున్నవారు ఒకవైపు, పెట్టుకోనివారు మరోవైపు చీలిపోయే పరిస్థితి. వెంటనే సర్దుబాటు విడుదల చేశారు. ఏడాది తర్వాత 0.12లో సంతకాల తనిఖీ నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను తప్పించి సొంతంగా రాసుకున్న లైబ్రరీని పెట్టారు. 64 బిట్ కంప్యూటర్లలో తనిఖీ ఐదు రెట్లకు పైగా వేగవంతమైంది. వేగం అందరికీ కనిపించిన లాభం. నా దృష్టిలో అసలు లాభం, నిబంధనల్లో ఒక ముఖ్యభాగం బయటివారి చేతిలోంచి తప్పడమే.

వేగం కోసం పడే తాపత్రయం ఒక్కోసారి కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు అవుతుంది. ఒకే లావాదేవీలో ఒకే సొమ్మును రెండుసార్లు చూపించారా అని పరీక్షించే చిన్న తనిఖీ ఉంది. దాన్ని వేరేచోట ఎలాగూ చేస్తున్నారు కదా అని, బ్లాకులను పరిశీలించేటప్పుడు వదిలేశారు. కొద్దిపాటి సమయం కలిసొస్తుందని ఆశ. 2017లో వచ్చిన 0.14లో ఈ మార్పు చేరింది. ఆ తర్వాతి వెర్షన్‌లో జరిగిన మరో మార్పుతో కలిసి, లేని నాణేలను ఒక మైనర్ పుట్టించగల దారి తెరుచుకుంది. మొత్తం నాణేలు 2.1 కోట్లు మించవన్న మాట మీద నిలబడిన వ్యవస్థకు ఇంతకంటే పెద్ద గండం ఉండదు. ఏడాదికి పైగా ఎవరి కంటా పడలేదు. 2018 సెప్టెంబరులో దాన్ని కనిపెట్టి చెప్పింది బిట్‌కాయిన్ నుంచి చీలి వెళ్లి, ప్రత్యర్థి పక్షంలా చూసే బిట్‌కాయిన్ క్యాష్ వైపు పనిచేసే ప్రోగ్రామర్ కావడం ఈ కథలో నాకు బాగా నచ్చిన మలుపు. సెప్టెంబరు 18న 0.16.3 విడుదలైంది. అది నోడ్లను కూల్చగల లోపమని మాత్రమే మొదట ప్రకటించి, నాణేల సంగతి రెండు రోజుల తర్వాత బయటపెట్టారు. దిద్దుబాటు తగినన్ని కంప్యూటర్లకు చేరేలోగా దొంగకు దారి చూపకూడదని.

ఈ గోప్యత రెండువైపులా పదునే. 2021 ఆగస్టు 24న మరో క్రిప్టోకరెన్సీ ఇథీరియం నోడ్ ప్రోగ్రాం గెత్ ఒక తీవ్ర లోపానికి దిద్దుబాటు విడుదల చేసింది. 27న ఆ లోపాన్ని తాకే లావాదేవీ ఒకటి వచ్చింది. మూడు రోజుల్లో అప్‌గ్రేడ్ చేసుకోని నోడ్లు వేరే గొలుసులోకి జారిపోయాయి. అదృష్టవశాత్తు మైనర్లలో ఎక్కువమంది అప్పటికే మారారు. భద్రత దిద్దుబాట్ల విషయంలో 'తర్వాత చూద్దాం' అనే అలవాటు ఇక్కడ ఖరీదైనది.

ఇంతవరకు నోడ్ సంగతి. వాలెట్ లెక్క వేరు. వాలెట్‌లో నాణేలు ఉండవు, వాటిని ఖర్చు చేయడానికి సంతకం పెట్టే రహస్య కీలు ఉంటాయి. మీ వాలెట్ ప్రోగ్రాం ఎలా మారినా నెట్‌వర్క్‌కు పట్టదు. అందుకే ఇక్కడ మెరుగులు ధైర్యంగా జరిగాయి. పాత బిట్‌కాయిన్ వాలెట్ ముందుగా 100 కీలను తయారుచేసి పెట్టుకునేది, చెల్లింపు తర్వాత మిగిలిన చిల్లరను ప్రతిసారీ కొత్త కీకి పంపేది. ఆ వంద అయిపోయాక పాత బ్యాకప్ చెత్తకాగితమే. చాలామందికి ఇది డిస్క్ పాడయ్యాకగానీ తెలియలేదు. ఒకే మూల విత్తనం నుంచి కీలన్నీ పుట్టించే పద్ధతి రావడంతో ఆ బెడద తీరింది. నేడు ఆ విత్తనాన్ని సూచించే 12 లేదా 24 పదాలు కాగితం మీద రాసుకుంటే చాలు.

అయితే ప్రోగ్రాం అప్‌గ్రేడ్ చేసినంత మాత్రాన కీ అప్‌గ్రేడ్ కాదు. 2023లో వెలుగుచూసిన మిల్క్ శాడ్ లోపం దీనికి సాక్ష్యం. లిబ్‌బిట్‌కాయిన్ వారి బీఎక్స్ అనే ఉపకరణం 3వ తరం వెర్షన్లు విత్తనాన్ని పుట్టించడానికి కంప్యూటర్ గడియారం నుంచి కేవలం 32 బిట్ల విలువ తీసుకునేవి. 24 పదాలు చూడటానికి గంభీరంగానే ఉంటాయి. కానీ వాటి వెనుక ఉన్నది సుమారు 429 కోట్ల అవకాశాలే, మామూలు కంప్యూటర్ వాటన్నింటినీ వెతికేయగలదు. గడియారం విలువ సున్నా అయితే వచ్చే తొలి రెండు పదాలే మిల్క్, శాడ్. అలా పుట్టిన కీని ఎంత కొత్త వాలెట్‌లోకి తెచ్చినా దాని బలహీనత దానితోనే వస్తుంది. కొత్త విత్తనం సృష్టించి, సొమ్మును దాని నుంచి పుట్టిన చిరునామాకు తరలించడం ఒక్కటే మార్గం. 2013 ఆగస్టులో ఆండ్రాయిడ్ ఫోన్లలో యాదృచ్ఛిక సంఖ్యల లోపం బయటపడినప్పుడు కూడా ఇదే చేయాల్సి వచ్చింది.

ఇక అప్‌డేట్ పేరే ఎర అయిన సందర్భం ఉంది. 2018 డిసెంబరులో ఎలక్ట్రమ్ వాలెట్ వాడేవారు కొందరు సొమ్ము పంపబోతే అది విఫలమై, తెర మీద ఒక సందేశం కనిపించింది: భద్రత కోసం కొత్త వెర్షన్ తెచ్చుకోండి, ఇదిగో లింకు. సందేశం కనిపించింది అసలైన వాలెట్‌లోనే. వాలెట్ తనకు సమాచారమిచ్చే సర్వర్ ఏ దోష సందేశం పంపినా యథాతథంగా చూపించేది, సర్వర్ నడపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. దొంగలు తమ సర్వర్లను పెద్ద సంఖ్యలో నిలబెట్టి నకిలీ ప్రోగ్రాం అంటగట్టారు. కొద్ది రోజుల్లోనే 200కు పైగా బిట్‌కాయిన్లు పోయాయి.

ఇంతసేపూ చెప్పుకున్న బిట్‌కాయిన్ నోడ్ ప్రోగ్రాం, అంటే బిట్‌కాయిన్ కోర్, తనంతట తాను అప్‌డేట్ కాకపోవడం బద్ధకం కాదని ఇప్పుడు అర్థమవుతుంది. ఆ మీట ఎవరి చేతిలో ఉంటే నిబంధనలు వారి చేతిలో ఉన్నట్టే. కనుక దించుకునే పని, సరిచూసుకునే పని వాడేవారిదే. ప్రతి విడుదలతో పాటు ఫైళ్ల షా-256 ముద్రల (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే గుర్తుల) పట్టిక ఇస్తారు, ఒక్కో ముద్ర 64 అక్షరాలు. 2021లో వచ్చిన 22.0 నుంచి గిక్స్ అనే పద్ధతిలో వేర్వేరు వ్యక్తులు వేర్వేరు కంప్యూటర్లలో అదే మూలకోడ్ నుంచి ప్రోగ్రాం తయారుచేసి, బిట్ తేడా లేకుండా ఒకే ముద్ర వస్తేనే సంతకం పెడతారు. మనం దించుకున్న ఫైలు ముద్రను లెక్కించి ఆ పట్టికతో పోల్చాలి, పట్టిక మీది సంతకాలను కూడా పరీక్షించాలి. రెండో అడుగు వేయకుండా మొదటిది వేసి లాభం లేదు. నకిలీ ఫైలు పెట్టగలిగినవాడు పక్కనే నకిలీ పట్టిక కూడా పెట్టగలడు.