మేమ్ ఎమ్యులేటర్: గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు తెలుసుకోవలసిన అపోహలు - వాస్తవాలు

అపోహ: ఆట నెమ్మదిగా నడుస్తోందంటే గ్రాఫిక్స్ కార్డు చాలడం లేదని అర్థం.

వాస్తవం: ఈ మాట నమ్మి డబ్బు పోగొట్టుకున్నవారు మా మరమ్మతు దుకాణానికి వస్తూనే ఉంటారు. మేమ్ అంటే పాత వీడియో గేమ్ పార్లర్ యంత్రాల ఆటలను కంప్యూటర్‌లో ఆడించే ప్రోగ్రాము. అది చేసే పని ఆటలోని బొమ్మలను తెరపై చూపించడం ఒక్కటే కాదు, అసలు యంత్రంలోని చిప్‌లన్నిటినీ సాఫ్ట్‌వేర్‌లో నడపడం. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2 బోర్డులో 10 మెగాహెర్ట్జ్ 68000 ప్రాసెసర్, శబ్దం కోసం జెడ్80 అనే మరో ప్రాసెసర్ ఉన్నాయి. ఇవీ, బొమ్మలు గీసే చిప్‌లూ క్షణక్షణం ఒకదాని కాలాన్ని మరొకటి అనుసరిస్తూ నడవాలి కాబట్టి ఆ పనిని మన ప్రాసెసర్‌లోని నాలుగు కోర్లకు (విడివిడిగా పనిచేసే భాగాలకు) పంచడం చాలావరకు కుదరదు. అందుకే భారమంతా దాదాపు ఒక్క కోర్ మీదే పడుతుంది. టెక్కెన్ 3 లాంటి త్రీడీ ఆటను కూడా మేమ్ సీపీయూతోనే, అంటే ప్రాసెసర్‌తోనే గీస్తుంది. తయారైన బొమ్మను తెరకు సరిపడా పెంచడం, పాత పిక్చర్ ట్యూబు గీతల్లాంటి ఎఫెక్టులు అద్దడం మాత్రమే కార్డు వంతు. ఆ ఎఫెక్టుల వల్లనే వేగం తగ్గితే వాటిని తీసేస్తే సరిపోతుంది.

ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దాయన, సెలవులకు వచ్చే మనవడి కోసం, ఎవరో దుకాణంవారు చెప్పారని కార్డుతో పాటు పెద్ద పవర్ సప్లై కూడా కొన్నారు. మేమ్‌లో వేగం చూపించే ఎఫ్11 నొక్కితే టెక్కెన్ 3 వేగం 70 శాతం దగ్గర ఆగింది (100 అంటే అసలు యంత్రం వేగం). కార్డు తీసి మదర్‌బోర్డులోని ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ మీద నడిపినా అదే 70. తీరా చూస్తే విండోస్ పవర్ సేవర్‌లో ఉంది, ప్రాసెసర్‌ను చల్లబరిచే హీట్‌సింక్ నిండా దుమ్ము పేరుకుంది. ఆ రెండూ సరిచేశాక వేగం 100కు చేరింది. “కార్డు వాపసు తీసుకుంటారంటావా, బాబూ?” అని ఆయన అడిగినప్పుడు, ఆ సలహా ఇచ్చినవారి మీద నాకు నిజంగా కోపం వచ్చింది.

కాబట్టి ఏదైనా కొనే ముందు మేమ్‌ను నడిపే కమాండ్‌లో ఆట పేరు తరువాత ‘-bench 90’ (బెంచ్ 90) అని ఇచ్చి చూడండి. 90 సెకన్ల ఆటను పరిమితి లేకుండా నడిపి సగటు వేగం చెబుతుంది. అది 100కు బాగా పైన ఉంటే మీ సీపీయూకు ఆ ఆట భారం కాదు. తక్కువగా ఉంటే, ముందు దుమ్ము, పవర్ సెట్టింగు చూసుకోండి. అప్పటికీ మారకపోతే ఒక్కో కోర్ వేగం ఎక్కువగా ఉన్న ప్రాసెసర్ కావాలి.

అపోహ: 100 శాతం చూపిస్తున్నా బొమ్మ కుదుపుతోంది, కాబట్టి కంప్యూటర్ పాతబడింది.

వాస్తవం: మోర్టల్ కాంబాట్ అసలు తెర సెకనుకు సుమారు 54.7 సార్లు మారుతుంది, మన మామూలు మానిటర్ 60 సార్లు. కుదుపు ఆ తేడాది. రిఫ్రెష్ రేటును ఆటకు తగ్గట్టు మార్చుకోగల మానిటర్‌లో ఇది పోతుంది.

అపోహ: మేమ్‌ను అప్‌డేట్ చేయగానే ‘ముస్తఫా’ ఆగిపోయిందంటే ఫైలు పాడైనట్టే, లేదా వైరస్.

వాస్తవం: కాదు. మనవాళ్లు ముస్తఫా అని పిలుచుకునే క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ 1993 ఆట. కొత్త మేమ్ దాని శబ్ద చిప్‌లోని ప్రోగ్రామును కూడా విడిగా అడుగుతుంది. ‘డీఎల్-1425 నాట్ ఫౌండ్’ అని వస్తే లోపించినది అదే. రోమ్ సెట్ (ఆట చిప్‌లలోని ప్రోగ్రాముల ఫైళ్లు) మేమ్ వెర్షన్‌కు తగినది కావాలి, అంతే.

అపోహ: మేమ్ ఉచితం కాబట్టి ఆటలూ ఉచితం.

వాస్తవం: 2016 నుంచి మేమ్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఆటల హక్కులు మాత్రం వాటి యజమానులవే.